నలభై మూడో బొమ్మ

“ఇంకా ఏం కావాలి మేడమ్ మీకు? ఇది పువ్వులతో రాసిన చావు చీటీ” అన్నాడు సీఐ మురళీమోహన్, బల్ల మీద మూడు బొమ్మల్ని పేకముక్కల్లా వరసగా పరుస్తూ.

ఝాన్సీ ముందు గోడ గడియారం చూసింది, తర్వాత బొమ్మలు చూసింది. తొమ్మిదీ ఇరవై. శ్రీకాకుళం నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చిన మనిషికి గ్లాసుడు మంచినీళ్లన్నా ఇమ్మని ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పడు కూడా. రెండ్రోజుల్లో మూసేద్దామనుకున్న కేసు మీదికి జిల్లా క్రైమ్ టీమ్ నుంచి ఇంకో ఇన్‌స్పెక్టరు, అందులోనూ ఆడమనిషి, రావడం ఆయనకు పంక్తిలో కూర్చున్నాక ముందున్న విస్తరి లాగేసినట్టుంది.

చూడబోతే కేసు చిన్నదే. సుహాసిని, నలభై ఆరేళ్లు, భర్త పోయి పదమూడేళ్లు. పాతపట్నం శివార్లలో, మహేంద్రతనయ ఏటి గట్టుకు దగ్గరగా ఈ రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉండేది. ఒక కాలేజీవాళ్లు వేస్తున్న మొక్కల పుస్తకానికి బొమ్మలు గీసేది. ఆదివారం రాత్రి ఈ గదిలోనే వాంతులు చేసుకుని చనిపోయింది. సోమవారం పొద్దున్న వంటమనిషి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. విజయనగరం నుంచి తమ్ముడొచ్చి, మా అక్క అలాంటి పని చేసుకునే మనిషి కాదని ఎస్పీకి అర్జీ పెట్టుకున్నాడు. అందుకే బుధవారం పొద్దున్న ఝాన్సీ ఇక్కడుంది.

మురళీమోహన్ ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టి చెప్పుకుపోయాడు. “నలభయ్యో నంబరు, అడవినాభి. దాని దుంప తింటే చస్తారు. నలభై ఒకటి, తెల్ల ఉమ్మెత్త. పిచ్చెక్కి చస్తారు. నలభై రెండు, ఆఖరుది, పచ్చగన్నేరు. ఈవిడ తిన్నది ఆ పప్పే. వారం రోజులు చావునే గీసుకుంటూ కూర్చుంది. పూలు పెట్టుకునే రాత లేక గీసుకునేదని ఈ వీధిలో ఎవర్నడిగినా చెబుతారు.”

ఆ మాటకు ఝాన్సీకి ఒళ్లు మండింది. చచ్చినా వదలరు కదా వీధివాళ్లు అనుకుని, కోపం దిగమింగి, ఉమ్మెత్త బొమ్మను వెలుతురుకు పట్టుకుంది.

“ఈ ఆకు చూడండి సార్. పురుగు తొలిచిన చిల్లులు ఏడున్నాయి. ఏడూ వేసింది. గన్నేరు కొమ్మ మీద దుమ్ము కూడా వేసింది. ఇది ఉన్నది ఉన్నట్టు గీసే చెయ్యి. మనసులో ఏడుపు చెప్పుకోడానికి పువ్వును అడ్డం పెట్టుకునే చెయ్యి కాదు.”

“అయితే అన్నీ విషపు మొక్కలే ఎందుకు గీసింది?”

ఝాన్సీ గోడకు అంటించిన కాగితం చూపించింది. కాలేజీవాళ్లు పంపిన జాబితా అది. నలభై నుంచి నలభై ఆరు వరకు ఉన్న మొక్కల పైన ‘విషపు మొక్కలు’ అని అచ్చులో శీర్షిక ఉంది. మురళీమోహన్ మూడు రోజులుగా ఆ గోడ పక్కనే తిరుగుతున్నాడు.

“పుస్తకంలో ఆ వంతు వచ్చింది కాబట్టి గీసింది” అంది ఝాన్సీ.

“అలాంటి పని ఎందుకు ఒప్పుకుందీ అని నేనంటున్నాను.”

“మీరు శవాల ఉద్యోగం ఎందుకు ఒప్పుకున్నారు?”

గుమ్మం దగ్గర కానిస్టేబుల్ దగ్గినట్టు నటించి నవ్వు మింగేశాడు. మురళీమోహన్ మొహం కందగడ్డలా అయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే బాపతు ఆయన. నాలుగో కాలు కనిపిస్తే కుందేలునే తప్పుపడతాడు.

ఝాన్సీ జాబితా మీదికి వంగింది. సుహాసినికి ఒక పద్ధతి ఉంది. పెన్సిలు బొమ్మ అయిపోగానే మొక్క పేరు పక్కన ఒక గీత పెట్టేది, రంగులు కూడా వేశాక రెండో గీత. నాభికి రెండు గీతలు. ఉమ్మెత్తకు రెండు. గన్నేరుకు రెండు. దాని కింద, నలభై మూడు, జిల్లేడు. దానికీ రెండు గీతలున్నాయి. నలభై నాలుగు, గురివింద. దాని పక్కన ఏమీ లేదు.

“సార్, నలభై మూడేదీ?”

“ఏది?”

“జిల్లేడు బొమ్మ. పూర్తిచేసినట్టు గీతలున్నాయి. బొమ్మ లేదు.”

“పొరపాటున పెట్టుంటుంది గీత.”

ఝాన్సీ రంగులు కలుపుకునే పింగాణీ పళ్లెం తీసి ఆయన ముందు పెట్టింది. పళ్లెంలో ఎండి అట్టగట్టి ఉన్నది లేత ఊదా రంగు. “అడవినాభి ఎరుపూ పసుపూ. ఉమ్మెత్త తెలుపు. గన్నేరు పసుపు. ఈ ఊదా రంగు దేనికి కలిపింది? ఆదివారం ఆవిడ ఆఖరున వేసింది జిల్లేడు పువ్వు. ఆ బొమ్మ ఈ గదిలోంచి ఎవరో పట్టుకుపోయారు. దాంతోపాటు బయటికెళ్లి గీసుకునే స్కెచ్ పుస్తకం కూడా కనపడటం లేదు.”

మురళీమోహన్ జేబులోంచి కవరు తీశాడు. పోస్టుమార్టం రిపోర్టు. పొద్దున్న సీలుతోనే వచ్చింది, ఝాన్సీ వచ్చాక ఆమె ముందే చింపాడు. “కడుపులో ఉన్నవి వేయించిన మినపపిండి, బెల్లం, నెయ్యి, మెత్తగా నూరిన గన్నేరు పప్పు. చేదు తెలియకుండా సున్నుండలో కలుపుకుని మింగింది. ఇంతకంటే ఏం కావాలి?”

“వంటింట్లో మినపపప్పు గింజ లేదు. నేను డబ్బాలన్నీ చూశాను. సున్నుండ చేసిన గిన్నె లేదు, గన్నేరు పెంకు లేదు. ఈ సున్నుండ సంగతి మనిద్దరికీ తప్ప ఇంకెవరికైనా తెలుసా?”

“మీ ముందే కదా చింపాను. ఎవరికి తెలుస్తుంది?”

“తెలియనివ్వకండి. వంటమనిషిని పిలవండి.”

కూర్మమ్మ పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి వసారాలో కూర్చునుంది. యాభై దాటిన మనిషి, కట్టుకున్న కొత్త నేతచీరకు మడతల గీతలు ఇంకా పోలేదు. ఆత్మహత్యే అని ఒక కాగితం మీద వేలిముద్ర వేసి పొమ్మని మురళీమోహనే రమ్మన్నాడు. ఇప్పుడు ఝాన్సీ వచ్చి ఆపింది.

“నన్నొగ్గీండి తల్లీ” అంది రాగానే, రెండు చేతులూ జోడించి. “ఇయాల మా గుంట దేవి పెళ్లి. శ్రీముఖలింగం గుడికాడ. పదీ యాభై రెండుకి ముహూర్తం. మాయన లేడు, పీటల మీద కూకునే రాత నాకెలాగూ లేదు, కన్యాదానం మా తమ్ముడు ఎర్రన్న, మా మరదలు సేస్తన్నారు. కళ్లతోనైనా సూసుకుంతాను.”

ఝాన్సీకి మనసు చివుక్కుమంది. అయినా వదల్లేదు. ఈమెను వదిలితే కేసు మూతపడుతుందని తెలుసు.

“నాలుగు మాటలు చెప్పి వెళ్లిపో, నా జీపులోనే పంపిస్తాను. ఆదివారం అమ్మగారు ఏం తిన్నారు?”

“అన్నం, ఆనపకాయ కూర. రాత్రికి మజ్జిగన్నం.”

“తీపి ఏదైనా?”

కూర్మమ్మ కళ్లు ఒకసారి గుమ్మం వైపు పోయి వచ్చాయి. “లేదమ్మా. ఏటీ లేదు.”

ఆ ఒక్క చూపు చాలు ఝాన్సీకి. ఆ మాటను అక్కడే విడిచి ఇంకో దారిన పోయింది. “సోమవారం పొద్దున్న నువ్వొచ్చేసరికి?”

“ఆరయ్యింది. తలుపు లోపల గడియ. ఎంత పిలిసినా పలకదు. బయమేసి మా అల్లుడికి ఫోన్ సేసినాను.”

“అల్లుడంటే?”

“అదేనమ్మా, అవ్వబోయే అల్లుడు. ఈశ్వర్. బజార్లో ఎరువుల కొట్టు. రెండేళ్లయ్యింది సీపురుపల్లి నుంచి ఇటొచ్చీసి. అతనే వొచ్చి తలుపు బద్దలు కొట్టినాడు. నువ్వు సూడకత్తా, బయటే ఉండు, అని నన్నాపీసి తనే లోపలికెల్లాడు. పాపం, అన్నీ తనే సూసుకున్నాడు.”

“ఒక్కడే ఎంతసేపున్నాడు లోపల?”

“పావుగంట ఉంటాదేమో. తరవాతే పోలీసులకి ఫోన్ సేసినాడు.”

ఝాన్సీ మురళీమోహన్ వైపు చూసింది. ఆయన గోడ వైపు చూశాడు. పంచనామాలో ఆ పావుగంట లేదు.

“కూర్మమ్మా, అమ్మగారు ఏటి గట్టున గీసిన బొమ్మను ఇంటికొచ్చి మంచి కాగితం మీదికి ఎలా ఎక్కించేవారు?”

“కిటికీకి అంతించీవారమ్మా. ఆ తూరుపు కిటికీ అద్దానికి ముందు పెనిసిలు కాగితం, దాని మీద తెల్ల కాగితం. ఎండ ఎనకనుంచి కొడతాది కదా, గీతలు ఇటేపు కనిపిస్తాయి. అలగే దిద్దీవారు.”

తూర్పు కిటికీ మూసే ఉంది. లోపలి వైపు చెక్క రెక్కలు రెండూ దగ్గరగా వేసి గడియ పెట్టి ఉన్నాయి. ఎవరైనా అటు చూస్తే మూసిన కిటికీ అనుకుంటారు తప్ప, రెక్కకూ అద్దానికీ మధ్య జానెడు సందుందని అనుకోరు. ఝాన్సీ గడియ తీసి రెక్కలు లాగింది.

అద్దానికి నాలుగు మూలలా బంకపట్టీతో అంటించిన కాగితం ఉంది. వెనకనుంచి పది గంటల ఎండ పడి పెన్సిలు గీతలు నల్లగా లేచాయి. జిల్లేడు మొక్క. మందపాటి ఆకులు, గుత్తి, మధ్యలో కిరీటంలాంటి బొడిపెలున్న పువ్వు. బంగారు చేతులు అనుకుంది ఝాన్సీ, ఆ మనిషిని బతికుండగా చూడలేకపోయినందుకు నిజంగానే బాధపడుతూ. దొంగ బల్ల మీది రంగుల బొమ్మ, సంచిలోని స్కెచ్ పుస్తకం పట్టుకుపోయాడు. ఈ కాగితం పుస్తకంలోంచి చింపి ఇక్కడ అంటించుకుందని వాడికి తెలియదు.

కాండం మీద జానెడు ఎత్తున ఏదో చుట్టి ఉంది. ఝాన్సీ ఇంకా దగ్గరికి వంగింది. దారం. రెండు పేటలు, మూడు ముళ్లు. దారానికి వేలాడుతూ ఒక కొమ్ము. పక్కన చిన్న అక్షరాల్లో సుహాసిని రాసుకుంది: ‘జిల్లేడు. ఏటి గట్టు, రేవు దగ్గర. ఆదివారం ఉదయం 6.40 నుంచి 8.15. కాండానికి పసుపు దారం, పసుపు కొమ్ము. దారం తడిగా ఉంది. మొక్క మొదట్లో అక్షింతలు. ఈశ్వర్ కత్తితో వచ్చి నన్ను చూసి వెళ్లిపోయాడు.’

“ఇదేంటి?” అన్నాడు మురళీమోహన్ భుజం మీదుగా చూసి. “ఎవరో చెట్టుకు మొక్కుకున్నారు. దీనికీ చావుకూ ఏమిటి సంబంధం?”

ఝాన్సీకీ తెలియలేదు. తెలియనిదాన్ని తెలుసన్నట్టు నటించడం ఆమెకు చేతకాదు. “కూర్మమ్మా, ఇలా రా. ఈ దారం ఏమిటో చెప్పు.”

కూర్మమ్మ దగ్గరకొచ్చి కళ్లు చికిలించి చూసింది. చదువు రాదు కాబట్టి అక్షరాలు వదిలేసి దారాన్నే చూసింది. “ఓలమ్మ. ఇది జిల్లేడు పెళ్లి కదమ్మా.”

“అంటే?”

“మూడో పెళ్లి అచ్చిరాదంతారు. ఇద్దరు పెళ్లాలు పోయిన మగోడు మూడోదాన్ని సేసుకోవాలంటే, ముందల జిల్లేడు సెట్టుకి తాళి కడతాడు. అది మూడోది అయిపోతాది. తరవాత దాన్ని నరికీస్తారు, మూడో పెళ్లాం కూడా సచ్చిపోనట్టు. అప్పుడు నిజం పిల్ల నాలుగోదవుతాది. దోసం తగలదు. ఆదివారం, తెల్లారగట్టే సేస్తారు.”

“ఈ చుట్టుపక్కల మూడో పెళ్లి చేసుకుంటున్నది ఎవరు?”

“ఎవరూ లేరమ్మా. ఈ వారంలో ఇక్కడ ఉన్నది ఒక్క పెళ్లే. మా దేవిది. అతనిది రెండోది, మొదటి పెళ్లాం పోయింది, అంతే...”

మాట అక్కడ ఆగిపోయింది. కూర్మమ్మ బొమ్మ వైపు, ఝాన్సీ వైపు, మళ్లీ బొమ్మ వైపు చూసింది.

“ఇందులో ఏటి రాసుందమ్మా? సదవండి.”

ఝాన్సీ చదివింది. ఆఖరి మాట దాకా చదివింది. దాచడానికి లేదు, దాస్తే పాపం కూడా.

కూర్మమ్మ నేల మీద కూలబడిపోయింది. “ఇద్దరా! ఒక్కర్తే అన్నాడు. ఒక్కర్తే అని శ్రీముఖలింగేస్సరుడి మీద ఒట్టేసినాడు.”

“ఆ ఒక్కర్తీ ఎలా పోయింది?”

“వాంతులయ్యి... ఒక్క రాత్రిలో పోయిందన్నాడు.” అంటూనే ఆమె చెయ్యి నోటికి పోయింది. ఈ గదిలో సోమవారం పొద్దున్న తను కడిగిన నేల గుర్తొచ్చి ఉంటుంది.

ఝాన్సీ పక్కనే కింద కూర్చుంది. “కూర్మమ్మా, ఆదివారం అమ్మగారికి తీపి ఎవరిచ్చారు?”

ఈసారి ఆమె గుమ్మం వైపు చూడలేదు. “నానే. నా సేతుల్తోనే. మజ్జానం ఈశ్వరే కొట్టుకాడ ఇచ్చినాడు. పెళ్లి సున్నుండలత్తా, ఈ రెండూ అమ్మగారికి, విడిగా కట్టినాను, మంచి నెయ్యి, అన్నాడు. సాయంత్రం బీరపూలు పూసీ యేళకి తెచ్చి ఇచ్చినాను. అమ్మగారు ఒకటి తినీసి, కాస్త సేదుందే, మినపప్పు మాడింది కాబోలు అంది. పెళ్లివారి తీపి కదా అని రెండోది కూడా తినీసింది. సోమారం ఈశ్వరు నాతో అన్నాడు, ఉండల మాట ఎత్తకత్తా, వంటమనిసి తెచ్చిందంటే నీ మీదికే వస్తారు, పెళ్లి ఆగిపోతాది. నిజమే కదా అని నోరు మూసుకున్నాను.”

వాడు కత్తితో మొక్కను నరకడానికి వస్తే, ఎదురుగా కూర్చుని దారంతో సహా గీస్తున్న మనిషి కనిపించింది. ఒక పెళ్లాం చావును దాచుకున్నవాడు జిల్లేడుకు తాళి కట్టకుండా ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ దోషానికి భయపడ్డాడు. హత్యకు భయపడని వాడికి శాస్త్రం అంటే అంత భయం.

“ఈ మాట కాగితం మీద పెడితే మొదటి ముద్దాయివి నువ్వే అవుతావు, తెలుసా?” అన్నాడు మురళీమోహన్. బెదిరింపు అలవాటు కొద్దీ వచ్చిందే గానీ గొంతులో మునుపటి బిగువు లేదు.

“రాసీండి బాబూ. ముందు పెళ్లి ఆపండి.”

పదీ ముప్ఫై ఆరు. జీపులో ఎంత తోలినా శ్రీముఖలింగానికి ముప్పావుగంట. ఝాన్సీ అక్కడికి దగ్గరలో ఉన్న స్టేషనుకు ఫోన్ చేసింది. సిబ్బంది బందోబస్తుకు పోయారు, మనిషిని పంపడానికి అరగంట పడుతుందన్నారు.

“నీ తమ్ముడికి ఉన్నది ఉన్నట్టు చెబుదాం” అంది ఝాన్సీ.

కూర్మమ్మ తల అడ్డంగా ఊపింది. “ఎర్రన్న నోట్లో నువ్వుగింజ నానదమ్మా. అక్కడే అరిసీస్తాడు. ఈశ్వరు సేతికి దగ్గర్లోనే ఉన్నాది నా పిల్ల. ఆడికి అనుమానం రాకుండా పెళ్లి ఆగాల.” కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. “నన్ను పోలీసులు పట్టుకున్నారని సెప్తాను. అమ్మగారిని నానే సంపీసినానని సెప్తాను. అలాంతి తల్లి కడుపున పుట్టిన పిల్లని ఏ మగోడు సేసుకుంటాడు? ఆడే పీటల మీంచి లెగిసిపోతాడు.”

“ఆ మాట ఒక్కసారి నోరు దాటితే నువ్వు వెనక్కి తీసుకోలేవు. ఊరు మరిచిపోదు.”

“మరిసిపోకపోతే పోనీండి. పిల్ల బతుకుతాది కదా.”

ఝాన్సీ వద్దనాలి. ఇన్‌స్పెక్టరుగా ఆమె ఉద్యోగం అదే. కానీ గడియారం పదీ నలభై చూపిస్తోంది, ఆమె దగ్గర ఇంతకంటే మంచి ఉపాయం లేదు. ఫోను స్పీకర్లో పెట్టమంది.

అక్క నంబరు చూసి రెండు రింగులకే ఎర్రన్న ఎత్తాడు. వెనక సన్నాయి, పిల్లల అరుపులు. “అప్పా, ఎక్కడున్నావే? పిల్ల నీకోసమే సూస్తంది!”

“ఒరే ఎర్రన్నా, నాను రానురా. పోలీసుల దగ్గరున్నాను. అమ్మగారిని... నానే సంపీసినాను. ఒప్పీసుకున్నాను. పిల్లని తీసుకుని ఇంటికొచ్చీ. పెళ్లొద్దు, ఆపీ.”

అటు ఎర్రన్న ఆ మాటే గట్టిగా అరిచాడు. తర్వాత ఎవరో ఏడ్చారు, ఎవరో ఏమిటేమిటని అడిగారు, ఫోను చేతులు మారింది.

“అత్తా, నేను ఈశ్వర్ని.” నిదానమైన గొంతు, పక్కవాళ్లందరికీ వినిపించేలా. “ఎంత పని చేశావత్తా. అన్నం పెట్టిన మనిషికి సున్నుండల్లో గన్నేరు పప్పు పెట్టడానికి నీకు చేతులెలా వచ్చాయి?”

గదిలో మురళీమోహన్ తలెత్తాడు. సున్నుండ అన్న మాట ఫోన్లో ఎవరూ అనలేదు. ఆ మాట ఉన్న రిపోర్టు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఆయన ఝాన్సీ వైపు చూసి తలాడించాడు. పొద్దున్నుంచి మొదటిసారి ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు.

“అయినా తల్లి పాపం పిల్లకెందుకు?” అంటున్నాడు ఈశ్వర్. “నువ్వు జైలుకు పోయినా నేను దేవిని వదలను. పీటల మీద కూర్చున్న పిల్లను లేపితే దాని బతుకేం కాను?”

“దేవుడులాంతోడు బాబు నువ్వు!” ఎర్రన్న ఏడుస్తూ అంటున్నాడు. చుట్టూ ఆడవాళ్లు అవునవునంటున్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

“ఈశ్వర్, పోలీసు ఇన్‌స్పెక్టర్ని మాట్లాడుతున్నాను! ఎర్రన్నా, పెళ్లి ఆపు! దేవిని వాడి దగ్గర్నుంచి లాగేయ్!” ఝాన్సీ ఫోనులోకి అరిచింది.

“పంతులుగారూ, ఇక కానివ్వండి” అన్నాడు ఈశ్వర్. ఫోను ఇంకా వాడి చేతిలోనే ఉంది, ఆమె అరుపు వాడు తప్ప ఎవరూ విన్నట్టు లేదు. ముహూర్తం ఇంకా ఎనిమిది నిమిషాలుందని పంతులు ఏదో అనబోయాడు. “పరవాలేదు. గట్టిమేళం!”

డోళ్లు ఒక్కసారిగా మోగాయి. కూర్మమ్మ ఫోనును రెండు చేతులతో నోటికి ఆనించుకుని ఆపండ్రా, ఒరే ఎర్రన్నా, ఆపండ్రా అని గొంతు చీరుకుపోయేలా అరుస్తూనే ఉంది. ఝాన్సీ జీపు వైపు పరిగెత్తింది. మురళీమోహన్ వైర్‌లెస్‌లో కేకలు పెడుతూ ఆమె వెనకే పరిగెత్తాడు. జీపు స్టార్టయ్యేసరికి కూర్మమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది, అరుపు మాత్రం ఆగిపోయింది.

“మేళం ఆపీసారు తల్లీ” అంది. “కట్టీసినాడు.”